పుట్టెంట్రుకలకు అందని కారు

నా చెల్లెలి కూతురికి పుట్టెంట్రుకలు తీయించడం రెండేళ్ళు ఆలస్యమైంది. ఆ ఆలస్యానికి కారణం ఒక పాత కాంటెస్సా కారు. కారు కాదు, నేనే కారణమని మా ఇంట్లో వాళ్ళు అంటారు. రెండు పక్షాలూ నిజమే చెబుతున్నాయి కాబట్టి ఆ వాదన ఇప్పటికీ ముగియలేదు.

తిరువళ్ళూరు వైపు ఉండే మా తెలుగువాళ్ళకు బిడ్డ తొలి వెంట్రుకలు తిరుత్తణి కొండ మీది స్వామికే చెందుతాయి. బిడ్డను మేనమామ ఒడిలో కూర్చోబెట్టి గుండు కొట్టిస్తారు. చెవులు కుట్టించడం కూడా ఆ ఒడిలోనే. మేనమామకు చదువు అక్కరలేదు, ఉద్యోగం అక్కరలేదు, తెలివి అసలే అక్కరలేదు. కదలకుండా కూర్చోగల ఒడి ఒకటి ఉంటే చాలు. నాకు పూర్తి అర్హతలున్న పదవి జీవితంలో అదొక్కటే అనుకునేవాణ్ణి.

బిడ్డకు పేరు పెట్టిన రోజు, విస్తళ్ళు ఇంకా ఎత్తకముందే, నేను అందరి ముందూ ఒక మాట అన్నాను.

"దీనికి మొట్ట కొట్టే దినం కొండకు నా కారులోనే పోవాల. నా ఒళ్ళో కూర్చోబెట్టుకొని పోతా. ఎవురూ బస్సు మాట ఎత్తొద్దు."

మొట్ట అంటే గుండే. అరవం మా మాటల్లోకి అద్దెకు వచ్చి ఇల్లు రాయించేసుకుంది. నా మాటకు చెల్లెలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బావ నా భుజం తట్టాడు. నన్ను ఎవరూ అడగలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. పాయసం రెండోసారి వడ్డించుకున్న మనిషి ఇచ్చిన మాట అది.

ఆ కారు అప్పటికి శోళవరం చెరువు దగ్గర ఒక రైతు గొడ్లపాకలో ఉంది. అమెరికాలో మజిల్ కార్లని ఒక జాతి ఉంటుంది. పొడుగు ముక్కు, వెడల్పు భుజాలు, అవసరానికి మించిన గర్జన. మన దేశంలో ఆ పోలికలు ఎంతోకొంత ఉన్న కారు కాంటెస్సా. గర్జన మాట ఎలా ఉన్నా ముక్కు మాత్రం ఉంది. చిన్నప్పుడు మా వీధి రైసుమిల్లు యజమాని దానిలో వెళ్తుంటే, ముక్కు మలుపు తిరిగిన కాసేపటికి గానీ తోక కనిపించేది కాదు. అలాంటిది ఒకటి నాకూ ఉండాలనుకున్నాను. చదువుకున్నవాళ్ళకు ఇలాంటి కోరికలు ఉండవని ఎవరన్నారో తెలియదు.

రైతు పాకలో గోనెపట్టాలు తొలగించి బానెట్ ఎత్తాడు. ఇంజన్ మీద ఒక కోడి పొదిగి కూర్చుని ఉంది. అది మా ఇద్దరినీ చూసింది, లేవలేదు.

"పిల్లలు లేసేదాకా ఆగు సారూ," అన్నాడు రైతు. "ఇప్పుడు కదిలిస్తే గుడ్లు మురిగిపోతాయి."

"ఎన్నాళ్ళు?"

"ఇరవయ్యొక్క దినాలు. నిన్ననే కూర్చునింది."

ఆగాను. ఇరవై రెండో రోజు వెళ్ళేసరికి పిల్లలు పాకంతా తిరుగుతున్నాయి. ఈ కథలో చెప్పిన గడువుకు పని పూర్తి చేసిన ప్రాణి ఆ కోడి ఒక్కతే.

కారును కొని, లారీ మీద ఎక్కించి తిరువళ్ళూరు తెచ్చాను. ఊరి బయట తిరుత్తణి రోడ్డు పక్కన ఒక టింకరింగ్ షెడ్డు ఉంది. అందులో మేస్త్రీ నాకంటే పదేళ్ళు పెద్ద. మా మనిషే, తెలుగే మాట్లాడతాడు, కొలతలు మాత్రం అరవంలో చెప్తాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, డ్రైవరు సీటు కింద చాప ఎత్తి చూశాడు. చాప కింద రోడ్డు కనిపించింది.

"అడుగు పోయినాది సారూ. దీన్ని కారు అనేదానికంటే గొడుగు అనొచ్చు."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"రెండు వారాలు."

ఆ రెండు వారాలు మూడేళ్ళు పట్టాయి. మేస్త్రీ అబద్ధం చెప్పాడని నేననను. ఎప్పుడు అడిగినా అదే సమాధానం చెప్పాడు. అంతటి నిలకడ ఉన్న మనిషిని అబద్ధాలకోరు అనడం న్యాయం కాదు.

నేను కాకలూరు పారిశ్రామిక ఎస్టేటులో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. వారంలో ఆరు రోజులు వెంట్రుకవాసి తేడా ఉన్న ముక్కల్ని పక్కకు తోసేయడం నా ఉద్యోగం. ఏడో రోజు తెల్లారి షెడ్డుకు వెళ్ళి, అడుగే లేని కారును ప్రేమగా ఉప్పుకాగితంతో రుద్దేవాణ్ణి. తుప్పు గీకితే కింద రంగు, రంగు కింద ఇంకో రంగు, దాని కింద ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అసలు నీలం. ఆ నీలం చేతి గోరంత కనబడిన ఆదివారం నేను ఇంటికి వెళ్ళి ఆ సంగతి మా ఆవిడకు చెప్పాను. ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. పరీక్ష పేపర్లు దిద్దుతూ, "మంచిది," అంది. ఎవరికి మంచిదో చెప్పలేదు.

ఆ మూడేళ్ళలో నేను హాజరు కానివి కొన్ని ఉన్నాయి. మా అమ్మకు కంటి ఆపరేషన్ జరిగిన రోజు నేను చెన్నైలో పాత సామాన్ల వీధిలో ఒక తలుపు పిడి కోసం తిరుగుతున్నాను. మా పెళ్ళిరోజున భోజనానికి బయటికి వెళ్దామని మా ఆవిడ తయారై కూర్చుంటే, నేను వెళ్ళేసరికి ఆమె పెరుగన్నం తిని నిద్రపోయింది. నా చేతులు ఎంత కడిగినా పెట్రోలు వాసన పోయేది కాదు. చెల్లెలింటికి వెళ్ళినప్పుడు బిడ్డను ఎత్తుకోబోతే, "చేతులు కడుక్కోని రా అన్నా," అనేది చెల్లెలు. కడుక్కొని వచ్చేసరికి బిడ్డ ఇంకెవరి దగ్గరికో పోయి ఉండేది.

మొదటి పుట్టినరోజు దగ్గర పడుతుంటే చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నా, బిడ్డకు ఏడాది నిండతా ఉండాది. ఎప్పుడు పోదాం కొండకు?"

"కారుకు ఇంకా అడుగు పడలేదమ్మా. కొంచం ఓర్చుకో."

"ఓర్చుకుంటే మూడో ఏట్లోకి పోతాది. రెండో ఏట మొట్ట కొట్టకూడదు, తెలుసు గదా."

"మూడో ఏడైతే మరీ మంచిది. బిడ్డకు బుద్ధి తెలుస్తాది. నా ఒళ్ళో కూర్చున్నట్టు గుర్తుంటాది."

 "సరి అన్నా, నీ మాటే," అంది.

మొక్కుకున్న జుట్టు మీద కత్తెర పెట్టకూడదు. కాబట్టి పెరిగింది. మెడ దాటింది, భుజాలు దాటింది. ఎండాకాలంలో బిడ్డ మెడ వెనక చెమటకాయలు లేచేవి. చెల్లెలు రోజూ నూనె పెట్టి చిక్కు తీస్తుంటే బిడ్డ వీధికంతా వినిపించేలా ఏడ్చేది. చెల్లెలి అత్తగారు మా అమ్మకు ఫోన్ చేసినప్పుడల్లా, "మీవాని కారు ఎంతవరకు వచ్చినాది?" అని మర్యాదగా అడిగేది. ఆ మర్యాద విన్న రోజు మా అమ్మ అన్నం తినేది కాదు.

మూడో ఏట చిత్తిర నెలలో, అంటే ఏప్రిల్ చివర, ఒక తారీకు పెట్టారు. ఇంజన్ హెడ్డు లేత్ షాపులో ఉంది. ఆవణిలో, ఆగస్టు వానల్లో, ఇంకోటి పెట్టారు. రంగు వేసిన మూడో రోజే వాన తగిలి ఎడమ తలుపు మీద పొంగులు వచ్చాయి. రెండుసార్లూ ఆ రోజు పొద్దున నేనే ఫోన్ చేసి, ఇంకొక్క నెల అన్నాను. రెండుసార్లూ చెల్లెలు సరి అన్నా అంది. రెండోసారి సరి అన్నప్పుడు గొంతులో ఏ కష్టమూ లేదు. అది విని నేను సంతోషించాను.

తర్వాత కొన్నాళ్ళకు మా ఆవిడ చెప్పింది.

"మీ చెల్లెలు వాళ్ళు తై నెలకు జరిపినారంట. నీ కారు కోసమేనంట."

అన్నం కలుపుతున్నవాణ్ణి ఆగిపోయాను. ఇంత అర్థం చేసుకునే మనుషులు నాకు దొరికారా అనిపించింది. ఈసారి తప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. తై అంటే సంక్రాంతి నెల, దానికి ఇంకా చాలా సమయం ఉంది. ముందుగానే కారును సిద్ధం చేసి, ఒకసారి ఒంటరిగా కొండ ఎక్కించి చూసి, ఆ తర్వాతే బిడ్డను ఎక్కించాలి. బాధ్యత గల మేనమామ చేసే పని అది.

ఐప్పసిలో, అంటే తైకి మూడు నెలల ముందే, కృత్తిక ఆదివారం పడింది. స్వామికి ఇష్టమైన నక్షత్రం, నాకు సెలవు. ఆ రోజు మా ఆవిడ తెల్లవారకముందే పట్టుచీర కట్టుకుంది. అరక్కోణంలో తోటి టీచరు ఇంట్లో గృహప్రవేశమట. ముందురోజే మా అమ్మకు ఫోన్ చేసి, "కొండకు పోతా ఉండా, వస్తావా?" అంటే, "మోకాళ్ళు నొస్తా ఉండాయి నాయనా, నువ్వు కూడా రేపు వద్దులే, వాన వస్తాది," అంది. ఆమె ప్రేమకు నేను కరిగిపోయాను.

ఏడింటికి షెడ్డు నుంచి బయలుదేరాను. కారు నీలంగా, పొడుగ్గా, నిజంగా బాగుంది. దారిలో టీ కొట్ల దగ్గర మనుషులు గ్లాసులు పట్టుకొని తిరిగి చూశారు. తిరుత్తణి దాకా ఒక్క మాట అనలేదు కారు. కొండ రోడ్డు ఎక్కాక కూడా మొదటి మలుపు బాగానే తీసుకుంది. రెండో మలుపు దగ్గర వేడి చూపించే సూది ఎర్రగీత దాటింది. మూడో మలుపు మధ్యలో బానెట్ కింద నుంచి తెల్లటి ఆవిరి లేచి, ఇంజన్ ఆగిపోయింది. బ్రేకు తొక్కేలోపు కారు కొంచెం వెనక్కి జారి రోడ్డుకు అడ్డంగా నిలబడింది. అంత పొడుగు ముక్కు ఉన్న కారు అడ్డం తిరిగితే ఇక ఆ రోడ్డు మీద నడిచేవాళ్ళకే దారి.

వెనక చక్రాలకు రాళ్ళు పెట్టాను. రోడ్డు పక్కన పూలమ్మే ఆమె ఒక చెంబు నీళ్ళు ఇచ్చింది. రేడియేటర్ చల్లారేదాకా మూత తీయకూడదని తెలుసు కాబట్టి ఆ నీళ్ళు నేనే తాగాను. ఇంతలో పైనుంచి ఒక వ్యాను దిగి వచ్చి, నా కారు ముందు ఆగి హారన్ కొట్టింది.

డ్రైవరు తల బయటపెట్టాడు. "ఏం సార్, రోడ్డును అడ్డంగా కట్టేసినావే. కొండ నీ పేరు మీద ఉండాదా?"

"ఉడుకుతా ఉండాదన్నా. కొంచం ఆరనీ."

అప్పుడు వ్యాను లోపలి నుంచి ఒక చిన్న గొంతు వినిపించింది.

"మామ కారు! పొగొస్తా ఉండాది!"

కిటికీలో గుండు కనిపించింది. కొత్తగా గీసిన గుండు, దాని మీద గంధం, గంధం ఆరి సన్నగా పగుళ్ళు. ఆ ముఖాన్ని గుర్తుపట్టడానికి నాకు రెండు క్షణాలు పట్టింది. రెండేళ్ళు నా కోసం పెరిగిన జుట్టు లేకపోతే బిడ్డ అచ్చం మా నాన్నలా ఉంది.

బిడ్డ వెనక చెల్లెలు. పక్కన ఆమె అత్తగారు. ఆ వెనక సీట్లో మా అమ్మ, రెండు మోకాళ్ళూ బాగానే మడిచి, కుంకుమ పొట్లం పట్టుకొని కూర్చుంది. మా అమ్మ పక్కన, అరక్కోణంలో గృహప్రవేశంలో ఉన్న మా ఆవిడ.

ముందుగా బావ దిగాడు. పట్టుపంచె సర్దుకుంటూ, "బావా... నువ్వు యాడ ఈడ?" అన్నాడు.

"నువ్వు యాడ బావా ఈడ?"

ఇద్దరికీ జవాబు తెలుసు కాబట్టి ఎవరమూ చెప్పుకోలేదు. చెల్లెలు దిగి వచ్చింది. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"కోపం లేదన్నా నీ మింద. రెండు తూర్లు చెప్పినా. రెండు తూర్లూ బిడ్డకు కొత్త గౌను తొడిగి కూర్చున్నాం. ఇంగ మా అత్త ఒప్పుకోలే."

"మూడోతూరి కూడా చెప్పుండాల గదా."

"చెప్తే ఏం చేసుంటావు?"

"బస్సులో వచ్చుండేవాణ్ణి."

వ్యానులో ఎవరో నవ్వు ఆపుకోబోయి దగ్గారు. డ్రైవరు అనుకుంటాను. మా అమ్మ కిటికీలోంచి, "వాణ్ణి ఏమీ అనొద్దండి, ఎండలో నిలబడుండాడు," అంది. ఎండ లేదు, మబ్బు పట్టి ఉంది.

"ఎవురి ఒళ్ళో కూర్చుండె?" అని అడిగాను. నాకు కావలసింది అదొక్కటే.

చెల్లెలు వ్యాను వైపు చూసింది. మా ఆవిడ దిగకుండానే సమాధానం చెప్పింది.

"నా ఒళ్ళో. మామ రాలేదంటే మొట్ట కొట్టేటాయన ఒప్పుకోలేదు. ఆ మామ చొక్కా అయినా పరచండమ్మా అన్నాడు. నీది తెచ్చుండా. గీతల చొక్కా."

అంటే చొక్కా సంగతి ముందే ఆలోచించారన్నమాట. దాన్ని ఇస్త్రీ కూడా చేసి ఉంటుంది, ఆమెకు అలవాటు. కొండ మీద స్వామి ఎదుట నా చొక్కా ఉంది, నా భార్య ఉంది, నా తల్లి ఉంది. ఆ చొక్కాలో ఉండాల్సిన మనిషి ఒక్కడే లేడు, అతను లేని లోటు కూడా ఎవరికీ తెలిసినట్టు లేదు.

"బాధపడొద్దన్నా," అంది చెల్లెలు. "బిడ్డ పెద్దమనిషి అయ్యేటప్పుడు మామ సీరు సారె తేవాల గదా. దానికి కారు రెడీ చేసిపెట్టు. పదేళ్ళు టైముండాది."

"మేస్త్రీని అడిగి చెప్తా," అన్నాను.



దారి ఇస్తే గానీ వ్యాను కదలదు. నేను స్టీరింగ్ పట్టుకున్నాను. బావ, డ్రైవరు, వెనక నిలిచిపోయిన మోటార్ సైకిళ్ళ వాళ్ళు ఇద్దరు కారును రోడ్డు పక్కకు తోశారు. బావ పట్టుపంచె మీద నా కారు సైలెన్సరు మసి గీతలా పడింది. ఎలాగైతేనేం, ఆ రోజు మా కుటుంబమంతా ఆ కారు వెంట నడిచిందని చెప్పుకోవచ్చు.

చేతులు దులుపుకుంటూ బావ నెమ్మదిగా అన్నాడు. "చెవులు ఇంకా కుట్టలేదు బావా. మా అమ్మ మన ఇంటి బంగారు పని ఆచారి చేతనే కుట్టించాలంటా ఉండాది. పదకొండున్నరకు ఇంటికొస్తాడు."

నేను నోరు తెరిచేలోపు వ్యానులోంచి మా ఆవిడ అంది. "ఆయన రాడులే అన్నా. కారును ఇడిచిపెట్టి యాడొస్తాడు."

మాటలో వెటకారం లేదు. పిల్లలకు ఎక్కం చెప్పే గొంతుతో చెప్పింది. కారు అద్దం ఒకటి పైకి రాదు, వెనక తలుపుకు తాళం పడదు, ఇంజన్ ఇంకా ఉడుకుతోంది. అవన్నీ నాకు తెలుసు. ఆమెకూ తెలుసు, నేనే ఆదివారం ఆదివారం చెప్పాను. పూలామెకు కాస్త చూస్తుండమని చెప్పి, తాళంచెవి జేబులో వేసుకొని వ్యాను ఎక్కాను. మేస్త్రీకి ఫోన్ చేస్తే రెండు గంటల్లో వస్తానన్నాడు. ఆయన లెక్కలో అది ఏ సంవత్సరమో అడగలేదు.

సీట్లు నిండిపోయాయి. డ్రైవరు పక్కన ఇంజన్ డబ్బా మీద, అందరి వైపూ తిరిగి కూర్చున్నాను. కేసు విచారణకు తెచ్చిన మనిషిలా ఉన్నాను గానీ, ఫిర్యాదు నాది. అప్పుడప్పుడు అందరి ఫోన్లూ ఒకేసారి టింగుమనేవి, నాది తప్ప. మా కుటుంబానికి ఫోన్లో ఒక గ్రూపు ఉంది. కొంతకాలంగా అందులో పొద్దున్నే పూలబొమ్మలు తప్ప ఏమీ రావడం లేదు. ఇంట్లో ప్రశాంతత పెరిగిందనుకున్నాను. నేను లేని గ్రూపు ఇంకొకటి ఉందని ఆ ఇంజన్ డబ్బా మీద తెలిసింది.

"తారీకు ఎప్పుడు పెట్టినారు?" అని మా ఆవిడను అడిగాను.

"మూడు వారాలయింది."

"మూడు వారాలు నాతో ఎట్లా మాట్లాడినావు?"

ఆమె నిజంగానే ఆలోచించింది. "నువ్వు కారు గురించి మాట్లాడినావు. నేను ఊ కొట్టినా. కష్టం ఏమీ కాలేదు."

మూడు వారాలు ఒకే కంచం పక్కన కూర్చుని తిన్నాం. ఒక్క పూట అయినా ఆమె గొంతు తడబడి ఉంటే నాకు కొంత ఊరటగా ఉండేది. మనుషులకు కోపం వస్తే తిడతారు, తలుపు విసిరి వేస్తారు, ఫోన్ పెట్టేస్తారు. అవన్నీ నాకు అలవాటే, సర్ది చెప్పగలను. వీళ్ళు నన్ను తిట్టలేదు. నేను లేకుండా ఏర్పాట్లు చేసుకున్నారు. నేను వరసగా తప్పాను, నిజమే. మూడోసారి కూడా తప్పేవాణ్ణే కావచ్చు. కానీ ఆ తప్పు చేసే అవకాశం నాకే ఉండాలి కదా. నన్ను అడగకుండానే నా జవాబు రాసుకొని, దానికి తగ్గట్టు నా చొక్కాను ఇస్త్రీ చేశారు.

ఇదంతా నేను ఆ వ్యానులో పైకి అనలేదు. అంటే సరి అన్నా అనేవాళ్ళు.

పదకొండూ ఇరవైకి చెల్లెలి ఇంటికి చేరాం. ఆచారి అప్పటికే వచ్చి, తుండు పరచుకొని, సన్నటి బంగారు తీగలను పసుపునీళ్ళలో ముంచుతున్నాడు. చెల్లెలి అత్తగారు తూర్పు వైపుకు పీట వేసింది. ఒక్క క్షణం అందరూ పీటను చూశారు, తర్వాత నన్ను చూశారు. నేను వెళ్ళి మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కొని వచ్చి, కాళ్ళు మడిచి కూర్చున్నాను. చెల్లెలు బిడ్డను తెచ్చి నా ఒడిలో పెట్టింది.

మూడేళ్ళుగా ఆ బరువు ఎంత ఉంటుందో ఊహించుకుంటున్నాను. ఊహించుకున్నదానికంటే కొంచెం ఎక్కువే ఉంది. గంధం వాసన, పాల వాసన. గుండు మీద చెయ్యి పెట్టబోయాను. బిడ్డ ఒళ్ళంతా కర్రలా బిగుసుకుంది. మెడ తిప్పి నా ముఖాన్ని కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది.

"నువ్వొద్దు. అత్త."

"మామ గదా బంగారూ," అంది చెల్లెలు. "మామ ఒళ్ళోనే కూర్చోవాల."

"పెట్రోలు," అంది బిడ్డ, ముక్కు చిట్లించి. నా చేతులు విదిలించుకొని, మోకాలి మీదుగా జారి, పీట దాటి మా ఆవిడ దగ్గరికి నడిచింది. పెద్ద దూరమేమీ కాదు. నాలుగు అడుగులు.

గట్టిగా పట్టుకొని ఉండొచ్చు. మూడేళ్ళ బిడ్డ ఎంతని విదిలించుకుంటుంది. ఆచారి నా వైపు చూశాడు. గదిలో అందరూ చూడటానికి వేరే వస్తువులు వెతుక్కున్నారు. బావ పంచె మీద మసిని గోటితో గీకాడు. నేను లేచి పీట ఖాళీ చేశాను. మా ఆవిడ నన్ను చూడకుండా వచ్చి కూర్చుంది. బిడ్డ ఆమె ఒడిలో సర్దుకుని, ఆమె మంగళసూత్రం చేత్తో పట్టుకుంది. నా పీట మీద నా భార్య రెండోసారి నా బదులు కూర్చుంది. ఈసారి చొక్కా కూడా అక్కరలేకపోయింది.

"ఎవురైనా కాళ్ళు పట్టుకోండయ్యా," అన్నాడు ఆచారి. "తన్నితే తీగ పక్కకు పోతాది."

ఎవరూ కదలకముందే నేను కింద కూర్చొని పట్టుకున్నాను. వెండి మువ్వల పట్టీలు, వాటి పైన నా రెండు చేతులు. ఆచారి బెల్లం ముక్క నోట్లో పెట్టి, అదిగో కాకి అని చెప్పి, కుడి చెవికి తీగ గుచ్చాడు. బిడ్డకు విషయం అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత కేకపెట్టి ఎగిరింది. చిన్న కాళ్ళే అయినా నా గుండెల మీద గట్టిగానే తగిలాయి. నేను వదల్లేదు. ఎడమ చెవి అయ్యేదాకా వదల్లేదు. అంతసేపూ బిడ్డ ఆచారిని చూడలేదు, తీగను చూడలేదు. కళ్ళనిండా నీళ్ళతో కదలనివ్వని నన్నే చూసింది.

అయిపోయింది. ఆచారి ఇంకో బెల్లం ముక్క ఇస్తే తీసుకుంది. గుచ్చిన మనిషి మీద దానికి ఏ కోపమూ లేదు. మా ఆవిడ భుజం మీద తల పెట్టుకొని, వెక్కుతూ, వేలితో నన్ను చూపించింది.

"మామ పట్టుకున్యాడు."

"అవునా తల్లీ? మామేనా పట్టుకునింది?" అంది చెల్లెలు. ఏడ్చే బిడ్డను ఊరుకోబెట్టడానికి మా వైపు చేసే పనే చేసింది. తగిలిన గడపనో, పడేసిన పీటనో కొట్టి చూపిస్తారు. చెల్లెలు వచ్చి, కింద కూర్చుని ఉన్న నా వీపు మీద అరచేత్తో ఒకటి వేసింది. "మామను కొట్టినా చూడు. చాలా?"

అది ఆటకు కొట్టిన దెబ్బ. చప్పుడే ఎక్కువ.

"ఇంకొకటి," అంది బిడ్డ.

రెండోది ఆటకు కొట్టినట్టు లేదు. వీపు చురుక్కుమంది. తిరిగి చూస్తే, కొండ మీద కూడా ఏడవని నా చెల్లెలి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. నేను మళ్ళీ ముందుకు తిరిగి, తల వంచి, అక్కడే కూర్చున్నాను.